చివరి రాత్రి సాక్ష్యంలో ఏం చెప్పాలి?

వేకువచుక్క
మా యువజన బృందం విదేశంలో సువార్త పర్యటన ముగించుకుని త్వరలో తిరుగు ప్రయాణం కాబోతోంది. దేశం పేరు రాయను, ఇక్కడి సంఘానికి ఇబ్బంది రాకూడదు. చివరి రాత్రి కూడికలో ఒక్కొక్కరం ఒక పేజీ సాక్ష్యం చదవాలని మా నాయకుడు చెప్పారు. మమ్మల్ని పంపిన సంఘంలోనూ ఆదివారం ఆరాధనలో అదే చెప్పాలి.

మా వాళ్లు రాసినవి చదివాను. అన్నింటిలోనూ దాదాపు అవే మాటలు. "ఇవ్వడానికి వచ్చాం, ఇచ్చినదానికంటే ఎక్కువే పొందాం." "ఏమీ లేకపోయినా వీళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో!" "నా జీవితమే మారిపోయింది." ఎవరూ అబద్ధం రాయలేదు. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ రెండో మాట రాయబోతే చేయి ఆడలేదు.

మేం అమ్మాయిలం ఒక ఇంట్లో ఉంటున్నాం. ఆ ఇంటావిడ రాత్రి ప్రార్థన అయ్యాక, అందరూ పడుకున్నారనుకున్నాక, దీపం దగ్గర కూర్చుని ఒక నోటు పుస్తకం తీస్తారు. ఒకసారి నాకు నిద్ర పట్టక లేచి పక్కన కూర్చుంటే తానే చూపించారు. పిల్లల బడి ఫీజు, అప్పు వాయిదా, మా కోసం అదనంగా కొన్న సరుకులు. పెన్సిలుతో వేస్తారు, చెరిపేస్తారు, మళ్లీ వేస్తారు. ఒక అంకె దగ్గర కాగితం పలచబడి అవతలి పేజీ కనిపిస్తోంది. తెల్లవారి మేం లేచేసరికి నవ్వుతూ పలకరిస్తారు. ఆ నవ్వూ నిజమే, ఆ లెక్కలూ నిజమే. ఒకటి మాత్రమే చెబితే ఆవిడకు అన్యాయం చేసినట్లు కాదా?

ఇంకొకటి. పంపిన సంఘం ఇచ్చిన నివేదిక పత్రంలో "ఎంతమంది రక్షణ పొందారు" అని ఒక గడి ఉంది. అందులో ఏం వేయాలి? ఇలాంటి పర్యటనల నుంచి తిరిగి వచ్చినవాళ్లు ఏం చెప్పారో, ఇప్పుడైతే ఏం చెబుతారో రాయండి.

ఒంటరి_పిచ్చుక
ఆ పుస్తకం గురించే రాయండి. మిగతా పేజీ దానంతట అదే వస్తుంది.

గడప_దాటినవాడు
నా జీవితంలో ఎక్కువ భాగం విదేశీ సేవలోనే గడిచింది. చివరి రాత్రి ఎవరినీ సాక్ష్యం రాయమనకూడదని నా గట్టి అభిప్రాయం. ఒళ్లు అలసి ఉంటుంది, మనసు నిండి పొర్లుతూ ఉంటుంది. ఆ స్థితిలో నోటికి అలవాటైన మాటలే వస్తాయి. పిల్లలను తప్పు పట్టలేం.

మార్కు 6వ అధ్యాయం 30, 31 వచనాలు చూడండి. అపొస్తలులు తిరిగి వచ్చి, తాము చేసినవీ బోధించినవీ అన్నీ యేసుకు చెప్పారు. వెంటనే ఆయన ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోమన్నారు. భోజనానికి కూడా వాళ్లకు తీరిక లేదని అక్కడే ఉంది. తరువాత లూకా 10 చూడండి. డెబ్బది మంది సంతోషంగా తిరిగి వచ్చి, దయ్యాలు కూడా లోబడుతున్నాయని చెప్పారు. ఆయన వాళ్ల మాట కొట్టిపారేయలేదు. కానీ దానికి కాదు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండి అన్నారు. బృందంతో వెళ్లే ప్రతి నాయకుడూ ఈ రెండు భాగాలు చదువుకుని వెళ్లాలి.

సూటిమాట
విశ్రాంతి మంచిదే, కాదనను. కానీ ఆ అమ్మాయి రేపో ఎల్లుండో చదవాలి. "రాయకు" అంటే ఆమెకు ఏం ఉపయోగం?

ఇంకో విషయం. "ఇచ్చినదానికంటే ఎక్కువ పొందాం" అన్న మాటను అందరూ తక్కువ చేసి చూస్తున్నారు. వేల మంది ఒకే మాట అంటున్నారంటే అందులో నిజం ఉండబట్టే. ఇంటి నుంచి మొదటిసారి దూరంగా వెళ్లిన ఇరవై ఏళ్ల పిల్లవాడికి ఆ అనుభవం కొత్త. మనకు పాతబడిందని వాడికి పాతబడదు. పైగా పర్యటనకు డబ్బు ఇచ్చినవాళ్లు ఉంటారు. ఎవరో వృద్ధురాలు తన పింఛను నుంచి ఇచ్చి ఉంటుంది. ఆమెకు సంతోషకరమైన మాట వినే హక్కు లేదా?

వేకువచుక్క
@సూటిమాట నా భయం కూడా అదే. డబ్బు ఇచ్చినవాళ్ల ముఖాలు గుర్తొస్తే, ఈ లెక్కల పుస్తకం గురించి చెప్పి వాళ్లను నిరాశపరుస్తానేమో అనిపిస్తోంది.

ఒంటరి_పిచ్చుక
పింఛనులోంచి ఇచ్చిన ఆవిడకు లెక్కల పుస్తకం అంటే ఏమిటో మనందరికంటే బాగా తెలుసు. ఆవిడ నిరాశపడదు. అప్పటికప్పుడు లేచి ఆ ఇంటి కోసం ప్రార్థన చేస్తుంది.

సూటిమాట
ఈ మాట ఒప్పుకుంటున్నాను.

దుబాసీ_అక్క
నేను అవతలి పక్క నుంచి చెబుతాను. పెళ్లయ్యాక వేరే దేశంలో స్థిరపడ్డాను. ఇక్కడి సంఘానికి వచ్చే బృందాలకు చాలా కాలంగా దుబాసీగా ఉన్నాను. వేదిక మీద పక్కన నిలబడి మాట మాటా చెప్పేది నేనే. అందుకే చివరి రాత్రి సాక్ష్యాలు లెక్కలేనన్ని విన్నాను.

బృందం గుండ్రంగా కూర్చుంటుంది. గిటారు ఉంటుంది. (గిటారు లేని బృందం ఇంతవరకు రాలేదు, వస్తే నేనే ఒకటి కొనిస్తాను.) ఒకరు మొదలుపెట్టగానే అందరికీ కన్నీళ్లు వస్తాయి. అవి నిజమైన కన్నీళ్లే, నాకూ వస్తాయి. ఆ సమయంలో స్థానిక సంఘం ఎక్కడ ఉంటుందో చూశారా? గుమ్మం దగ్గర. పొద్దుటి నుంచి వంట చేసిన ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంటారు. ఖాళీ పళ్లేలు తీసుకుని కడగాలి, కానీ మధ్యలో లోపలికి వస్తే ప్రార్థన చెదురుతుందని ఆగుతారు. సాక్ష్యాల్లో తమ మాట వస్తుందేమోనని వింటారు. "ఈ ప్రజలు" అని వస్తుంది, "ఇక్కడి పిల్లలు" అని వస్తుంది. పేరు మాత్రం రాదు.

ఒక్క అబ్బాయి ఉన్నాడు. లేచి, రోజూ తెల్లవారకముందే నీళ్ల డ్రమ్ములు నింపిన పెద్దాయన పేరు చెప్పాడు. ఆయన ఏ వేళకు లేస్తారో, ఏ మోకాలు నొప్పో, డ్రమ్ము ఎత్తేటప్పుడు ఏ పాట పాడుకుంటారో చెప్పాడు. నేను అది వాళ్ల భాషలో చెబుతుంటే పెద్దాయన తల వంచుకుని టోపీ చేతుల్లో తిప్పుతూ ఉండిపోయారు. ఆ అబ్బాయి క్షేమం ఇప్పటికీ అడుగుతారు. అతను ఏ వాక్యం మీద ప్రసంగించాడో మాత్రం ఇక్కడ ఎవరికీ గుర్తు లేదు.

చెల్లీ, ఒక్క మాట వినండి. చివరి రాత్రి ఏ వాగ్దానమూ చేయకండి. "వచ్చే ఏడాది మళ్లీ వస్తాం", "మీ పాప చదువు నేను చూసుకుంటాను" అని కన్నీళ్ల మధ్య అనేస్తారు. విన్నవాళ్లు నమ్ముతారు. మీరు చూసిన ఆ నోటు పుస్తకంలో ఆ మాట కూడా ఒక అంకెగా చేరుతుంది. ఏడాది తరువాత "అమ్మాయి ఏమైనా రాసిందా" అని నన్ను అడుగుతారు. జవాబు చెప్పవలసింది నేను. ఇంటికి వెళ్లి, ఆలోచించుకుని, చేయగలమని తేలాకే చెప్పండి.

ఒంటరి_పిచ్చుక
గుమ్మం దగ్గర నిలబడినవాళ్లను చాలా పర్యటనల్లో చూశాను, ఇలా ఆలోచించలేదు. మా బృందాల వాళ్లకు ఇది పంపుతాను అక్కా.

వేకువచుక్క
@దుబాసీ_అక్క అక్కా, మీ పోస్టు మా బృందానికి చదివి వినిపించాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరి రాత్రి కూడికకు స్థానిక సంఘం వాళ్లను కూడా వలయంలో కూర్చోబెట్టాలని, ఆ రోజు వంట, గిన్నెలు మేమే చూసుకోవాలని అనుకున్నాం.

దుబాసీ_అక్క
వంట మీరు చేయండి, కానీ వాళ్లను అడిగి చేయండి. వాళ్ల వంటింట్లోకి హఠాత్తుగా వెళితే అది ఇంకో ఇబ్బంది.

నిజం_లెక్క
నివేదికలో ఆ గడి గురించి ఎవరూ మాట్లాడలేదు. అసలు జబ్బు అక్కడే ఉంది.

ప్రసంగం చివర నమ్ముతున్నామని చేతులెత్తినవాళ్లను లెక్కపెట్టి రాస్తారు. భాష రాని చోట, దుబాసీ ద్వారా, అతిథుల ఎదుట, మర్యాద కోసం చేయి ఎత్తినవాళ్లు ఎందరో ఎవరికి తెలుసు? ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్ చేరారు. మొదటి బాప్తిస్మం కృష్ణపాల్‌ది, 1800 డిసెంబరులో. ఏడేళ్లు. అమెరికా మిషనరీ అడోనిరామ్ జడ్సన్, భార్య ఆన్ 1813లో బర్మాలోని రంగూన్‌లో దిగారు. మొదటి బాప్తిస్మం 1819లో. ఆరేళ్లు. ఈ నివేదిక పత్రం వాళ్లకు ఇస్తే ఏటేటా సున్నా వేసి పంపేవారు. చిన్న పర్యటన ముగిసేసరికి మనకు మాత్రం వందలు ఎలా వస్తున్నాయి?

సూటిమాట
మళ్లీ అడ్డం వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. జడ్సన్‌ను, ఈ పిల్లలను ఒకే గాటన కట్టడం సరికాదు. ఆయన భాష నేర్చుకున్నారు, 1834 నాటికి బైబిలు మొత్తం బర్మీస్‌లోకి తెచ్చారు, జైల్లో పడ్డారు, భార్యను, బిడ్డలను అక్కడే సమాధి చేశారు. వీళ్లు పోయిందీ వచ్చిందీ సెలవుల్లో. ఆ కొలతతో కొలిస్తే ఇక ఎవరూ గడప దాటరు.

నిజం_లెక్క
నేను చెప్పేదీ అదే కదా. జడ్సన్ చేసిన పని వీళ్లు చేయలేదు, చేయాలని ఎవరూ అడగలేదు కూడా. అలాంటప్పుడు జడ్సన్‌కే ఆరేళ్లు పట్టిన అంకెను వీళ్లను ఎందుకు అడుగుతున్నారు? విత్తనాలు చల్లి వచ్చినవాణ్ణి కోత ఎంతని అడిగినట్లుంది.

జడ్సన్ సంగతే ఇంకొకటి. బయలుదేరిన 33 ఏళ్ల తరువాత, 1845లో, ఒకే ఒక్కసారి అమెరికా తిరిగి వెళ్లారు. గొంతు ఎంత దెబ్బతిన్నదంటే ఆయన మెల్లగా చెబుతుంటే పక్కన ఇంకొకరు నిలబడి బిగ్గరగా చెప్పవలసి వచ్చింది. జనం సాహసగాథల కోసం వస్తే ఆయన క్రీస్తు ప్రేమ గురించే మాట్లాడారు. తిరిగి వచ్చినవాడు తన కథే చెప్పాలన్న నియమం ఎక్కడా లేదు.

వేకువచుక్క
మరి గడిలో ఏం రాయమంటారు? ఖాళీగా వదిలేస్తే మా నాయకుణ్ణి అడుగుతారు.

గడప_దాటినవాడు
అంకె వేయకండి. "స్థానిక కాపరికి పరిచయం చేసినవాళ్లు" అని రాసి, కాపరి వాళ్లను ఎలా కలుసుకుంటున్నారో ఒక వాక్యం రాయండి. బాప్తిస్మాల లెక్క స్థానిక సంఘానిది, అతిథులది కాదు. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం చివర పౌలు, బర్నబా అంతియొకయకు తిరిగి వచ్చి సంఘాన్ని సమకూర్చి నివేదించారు కదా. దేవుడు తమతో ఉండి చేసినవి, అన్యజనులకు ఆయన విశ్వాస ద్వారం తెరిచిన సంగతి చెప్పారు. అక్కడ ఒక్క అంకె కూడా లేదు.

తెల్లచొక్కా_నల్లబ్యాడ్జీ
నేను యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి చెందినదాన్ని, మార్మన్ సంఘం అని చాలామంది అంటారు. మాలో యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు మిషను సేవ చేస్తారు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే ఉంటాం, ఒంటరిగా బయటకు వెళ్లం. ఇంటికి వారానికోసారి ఫోను చేసుకోవచ్చని 2019లో అనుమతి ఇచ్చారు. అంతకు ముందు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కు, మాతృ దినోత్సవానికి.

సేవ ముగిసేటప్పుడు మిషను అధ్యక్షుడితో చివరి ముఖాముఖి ఉంటుంది. ఇంటికి చేరాక స్టేకు (కొన్ని స్థానిక సంఘాల సముదాయం) అధ్యక్షుడు అధికారికంగా సేవ నుంచి విడుదల చేస్తారు. అంతవరకు బ్యాడ్జీ ఉంచుకుంటాం. నా ఇంటిపేరు, సంఘం పేరు ఉన్న చిన్న నల్లటి పలక అది. తీసి బల్ల మీద పెట్టాక చేయి అప్రయత్నంగా గుండె దగ్గరికి వెళ్లేది, అక్కడ ఉందో లేదో చూసుకోవడానికి. చాలా రోజులు అలాగే జరిగింది.

నాకు కష్టమైంది సాక్ష్యం చెప్పడం కాదు. చెప్పాక వచ్చిన నిశ్శబ్దం. అందరూ "చాలా బాగా చెప్పావు" అన్నారు, తరువాతి ఆదివారానికి ఇంకో సంగతిలో పడ్డారు. రోజంతా ఎవరి కోసమో నడిచిన మనిషి ఒక్కసారిగా తన కోసం మాత్రమే లేవాలి. వేకువచుక్క గారూ, చివరి రాత్రి గురించి ఆలోచిస్తున్నారు, మంచిదే. ఇంటికి వెళ్లిన నెల తరువాత గురించి కూడా బృందంలో మాట్లాడుకోండి. అప్పుడు ఒకరికొకరు ఫోను చేసుకుందామని ఇప్పుడే అనుకోండి.

వాక్యమే_వెలుగు
మీ సంఘ బోధలతో మాకు ఏకీభావం లేదు. మీ గ్రంథాల సంగతి ముందు తేల్చాలి. ఆ తరువాతే మీ సలహాలు.

మోడరేటర్
@వాక్యమే_వెలుగు బోధల చర్చకు వేరే విభాగం ఉంది. ఇక్కడ విషయం తిరుగు ప్రయాణం. దయచేసి దారి తప్పించవద్దు.

వేకువచుక్క
@తెల్లచొక్కా_నల్లబ్యాడ్జీ ఆ నిశ్శబ్దం గురించి ఎవరూ చెప్పలేదు సిస్టర్. రాసి పెట్టుకున్నాను. మాలో ఇద్దరికి ఇప్పటి నుంచే దిగులు పట్టుకుంది, వాళ్లకు చూపిస్తాను.

పరిశోధన_దారి
ఆ దిగులుకు శాస్త్రంలోనూ చోటు ఉంది. పరాయి దేశంలో మనసు పడే అవస్థ గురించి చాలామందికి తెలుసు. తిరిగి ఇంటికి వచ్చాక అదే రెండోసారి వస్తుందని పరిశోధకులైన గుల్లాహార్న్ దంపతులు 1963లోనే రాశారు. మనసు స్థితిని గీతగా గీస్తే, పరాయి దేశంలో కిందికి దిగి పైకి వచ్చిన ఆ గీత, ఇంటికి చేరాక మళ్లీ దిగి మళ్లీ పైకి వస్తుంది. రెండో దిగుడుకు ఎవరూ సిద్ధపడి రారు, సొంత ఇల్లే కదా అనుకుంటారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది వినడానికి కష్టంగా ఉంటుంది. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ను ధ్వంసం చేశాక ఉత్తర అమెరికా నుంచి ఎన్నో సంఘాల బృందాలు వెళ్లి ఇళ్లు కట్టాయి. కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ ఇళ్లనూ, స్థానిక సంస్థలు కట్టిన ఇళ్లనూ పోల్చి, 2006లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఇళ్లలో ఉన్నవాళ్ల జీవితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వెళ్లి వచ్చినవాళ్లు తమ జీవితం మారిందని అన్నారు, కానీ ప్రార్థనలోనూ, దానంలోనూ ఆ మార్పు ఎక్కువమందిలో నిలవలేదు. "నా జీవితమే మారిపోయింది" అని చదివే ముందు ఇది తెలిసి ఉండటం మంచిది.

దీపస్తంభం
అంటే ఎవరూ వెళ్లవద్దనా? ఈ చర్చ మొదటి నుంచీ చూస్తున్నాను. వెళ్లినవాళ్లను తప్పు పట్టడమే తప్ప ఒక్క మంచి మాట లేదు.

నేను అలాంటి పర్యటనకే వెళ్లాను. ఒక చిన్న వైద్యశాలలో రోగుల కాళ్ల పుండ్లు కడిగి కట్లు కట్టే నర్సుకు సాయంగా నన్ను పెట్టారు. మొదట్లో వాసనకు తల తిప్పుకునేవాణ్ణి. ఆమె ఒక్కసారీ తిప్పుకోలేదు. రోగితో మాట్లాడుతూ, అతని మనవడి చదువు గురించి అడుగుతూ, ఆ పని చేసేది. తిరిగి వచ్చి చదువుతున్నది మానేసి నర్సింగులో చేరాను. ఈ రోజు కూడా డ్యూటీ నుంచి వచ్చి ఇది రాస్తున్నాను. నా మార్పు ఏ పరిశోధనకు అందింది?

పరిశోధన_దారి
వెళ్లవద్దని నేను అనలేదు అన్నా. మీలాంటివాళ్లు లేరనీ అనలేదు. ఒక్క సంగతి గమనించండి. మీ పోస్టులో "నా జీవితం మారింది" అన్న వాక్యం లేదు. ఆ నర్సు ఉంది.

గడప_దాటినవాడు
@దీపస్తంభం మీ కోపం నాకు నచ్చింది. చిన్న ప్రయాణాలను నేనూ తేలిగ్గా తీసుకోను. తమిళుడైన వి.ఎస్. అజరయ్య 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో తమవాళ్లను సువార్తకు పంపుతుండటం చూశారు. మన వాళ్లు ఎందుకు చేయడం లేదన్న ప్రశ్నతో తిరిగి వచ్చారు. 1903లో తిరునెల్వేలిలో భారత మిషనరీ సంఘం పుట్టింది. ఆ తరువాత తానే మిషనరీగా దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన ఆ ప్రయాణం నుంచి తెచ్చుకున్నది అక్కడివాళ్లు చేస్తున్న పని. దాన్ని చూసి నేర్చుకుని వచ్చారు.

ఆయనే 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో మాట్లాడారు. దాదాపు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు చాలా కొద్దిమంది. విదేశీ మిషనరీల త్యాగాలన్నీ ఒప్పుకుని, మాకు ప్రేమ కావాలి, స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. సభలో చాలామందికి అది రుచించలేదు.

దుబాసీ_అక్క
నూరేళ్లు దాటినా ఇక్కడివాళ్లు అడుగుతున్నదీ అదే. స్నేహితుడు ఉత్తరం రాస్తాడు, రాసిన ఉత్తరానికి జవాబు ఇస్తాడు.

నెలవంక_దారి
నేను ముస్లింని. ఈ విభాగంలో ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే. మాలో తబ్లీగీ జమాత్ అనే మత ప్రబోధ ఉద్యమం కింద మూడు రోజులు, నలభై రోజులు, నాలుగు నెలలు ఇల్లు వదిలి వెళ్లే పద్ధతి ఉంది. కొందరు విదేశాలకూ వెళతారు. ఎవరి ఖర్చు వాళ్లదే.

తిరిగి వచ్చాక కార్గుజారీ చెప్పాలి, అంటే జరిగినదాని నివేదిక. నేను ఒక విదేశీ ప్రయాణం నుంచి వచ్చినప్పుడు పెద్దలు రెండు మాటలు చెప్పారు. నీ వల్ల జరిగిందని ఎక్కడా అనవద్దు, అది మొదటిది. రెండోది నేను ఊహించలేదు. నువ్వు లేనన్నాళ్లూ నీ పని ఎవరు మోశారో ముందు చూడు అన్నారు. ఇంట్లో నా భార్య ఒక్కతే ముసలి మామగారిని, పిల్లలను, అద్దె గొడవను చూసుకుంది. మసీదులో కార్గుజారీ చెప్పడానికి ముందు ఇంట్లో కూర్చుని ఆమె కార్గుజారీ విన్నాను. ఆమెది నాదానికంటే పెద్దది.

తెల్లచొక్కా_నల్లబ్యాడ్జీ
@నెలవంక_దారి మా అమ్మకు ఈ పోస్టు పంపాను. నేను సేవలో ఉన్నంతకాలం మా నానమ్మను చూసుకున్నది ఆవిడే.

వాక్యమే_వెలుగు
ఇది క్రైస్తవ విభాగం అని గుర్తు చేస్తున్నాను. అయినా ఆ చివరి మాట బాగుంది సోదరా.

చట్టం_తెలిసినవాడు
ఆచరణకు సంబంధించినవి కొన్ని. వేకువచుక్క దేశం పేరు రాయకపోవడం సరైన పని. నేపాల్ సంగతే చూడండి. 2017 శిక్షాస్మృతి ప్రకారం ఒకరి మతం మార్పిస్తే ఐదేళ్ల వరకు జైలు, 50,000 నేపాలీ రూపాయల వరకు జరిమానా. విదేశీయుడైతే శిక్ష ముగిసిన ఏడు రోజుల్లో దేశం నుంచి పంపేస్తారు. మీరు సంతోషంతో పెట్టిన బాప్తిస్మం ఫొటో అక్కడి కాపరి మీద కేసుకు సాక్ష్యం అవుతుంది. మీరు ఇంట్లో ఉంటారు, ఆయన అక్కడే ఉంటారు.

పిల్లల ఫొటోల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. అనాథాశ్రమాలకు బృందాలు వెళ్లి రావడం వల్ల పిల్లలకు జరిగే హాని గురించి 2019లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ చేసిన బాలల హక్కుల తీర్మానంలోనే ప్రస్తావన ఉంది. అతిథులు ఇచ్చే డబ్బు కోసం తల్లిదండ్రులున్న పిల్లలను కూడా ఆశ్రమాల్లో ఉంచే చోట్లు ఉన్నాయి. పిల్లవాణ్ణి ఎత్తుకుని తీసిన ఫొటోను సాక్ష్యం వెనకాల తెర మీద వేసే ముందు, ఆ పిల్లవాడి తల్లి అక్కడ కూర్చుని చూస్తుంటే వేస్తామా అని ఒకసారి అనుకోండి.

సూటిమాట
ఈ పరీక్ష ఫొటోలకే కాదు, సాక్ష్యానికి కూడా వర్తిస్తుంది. అందుకే వేకువచుక్కకు ఒక అభ్యంతరం చెప్పాలి. ఆ ఇంటావిడ లెక్కల పుస్తకం గురించి రాయమని అందరూ అంటున్నారు. ఆవిడ రాత్రి వేళ, ఎవరూ చూడనప్పుడు తీసే పుస్తకం అది. మీకు నమ్మి చూపించారు. దాన్ని వందల మంది ముందు విప్పడం న్యాయమా?

ఒంటరి_పిచ్చుక
మొదట రాయమన్నది నేనే. సూటిమాట గారి మాటలో బలం ఉంది. ఆవిడనే అడగాలి.

వేకువచుక్క
ఈ ఉదయం అడిగాను. నాకు వచ్చిన కొద్ది భాషలో చెప్పి, మిగతాది దుబాసీ సహాయంతో అడిగాను. ఆవిడ మొదట నవ్వారు. తరువాత చాలా స్పష్టంగా చెప్పారు. అప్పు సంగతి చెప్పవద్దు. పిల్లల చదువు కోసం లెక్క చూసుకుంటానని చెప్పవచ్చు. పెద్దమ్మాయికి గణితంలో మంచి మార్కులు వస్తాయని తప్పకుండా చెప్పాలి. తన పేరు చెప్పవచ్చు, ఫొటో వద్దు. "మేం పేదవాళ్లమని చెప్పడానికి మీరు ఇంత దూరం రానక్కరలేదు" అన్నారు.

ఇప్పుడు నా పేజీ ఇలా ఉంది: "మాకు చోటిచ్చిన ఇంటి తల్లి ప్రతి రాత్రి పిల్లల చదువు కోసం లెక్క చూసుకుంటారు. పెద్దమ్మాయి గణితంలో ముందుంటుంది. ఉదయం ప్రార్థనలో ఆ తల్లి మాకంటే ముందు మా తల్లిదండ్రుల కోసం ప్రార్థించేవారు, వాళ్ల పేర్లు అడిగి తెలుసుకుని మరీ. మీరు నా కోసం చేసిన ప్రార్థనలకు కృతజ్ఞతలు. ఇకపై ఆ అమ్మాయి పరీక్షల కోసం చేయండి." దీని తరువాత ఇంకా రాయాలి.

దుబాసీ_అక్క
నా సలహా, ఇంటికి వెళ్లి చదివే ప్రతిని కూడా ఇక్కడే, వాళ్ల భాషలో ముందు వాళ్లకు చదివి వినిపించండి. అక్కడ ఒక మాట, ఇక్కడ ఒక మాట ఉండదు. మీ దుబాసీకి సమయం లేకపోతే, భాష నాకు తెలిసినదైతే నాకు వ్యక్తిగత సందేశం పంపండి.

దీపస్తంభం
చదివాను చెల్లీ. ఆ పరీక్షల తేదీలు తెలిస్తే ఇక్కడ కూడా పెట్టండి.

ఇద్దరు_బిడ్డల_తల్లి
ఇంతవరకు చదువుతూ వచ్చాను. మా అబ్బాయి ఇలాంటి పర్యటన నుంచి ఈ మధ్యే తిరిగి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి సరిగా మాట్లాడడం లేదు. ఎలా జరిగిందని అడిగితే "బాగుంది" అంటాడు, గదిలోకి వెళతాడు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే తరువాత చూద్దాం అన్నాడు. ఏదైనా జరగరానిది జరిగిందేమోనని భయంగా ఉంది.

తెల్లచొక్కా_నల్లబ్యాడ్జీ
అమ్మా, "ఎలా జరిగింది" అనే ప్రశ్న చాలా పెద్దది, దానికి జవాబు చెప్పలేం. అక్కడ ఎవరి ఇంట్లో ఉన్నావు, వాళ్లింట్లో ఎవరెవరు ఉన్నారు, పొద్దున్నే నిన్ను ఎవరు లేపేవారు అని అడగండి. మా అమ్మ అలాగే అడిగింది.

గడప_దాటినవాడు
చిన్న ప్రశ్నలు వేయండి, సాక్ష్యం కోసం ఒత్తిడి చేయవద్దు. అన్నం మానేసినా, నిద్ర పట్టకపోయినా, అసలు ఎవరితోనూ కలవకపోయినా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి. బృంద నాయకుణ్ణి విడిగా కలిసి అక్కడ ఏం జరిగిందో నేరుగా అడగండి, ఆ హక్కు మీకు ఉంది.

ఇద్దరు_బిడ్డల_తల్లి
సిస్టర్ చెప్పినట్లు అడిగాను. ఆ ఇంటి వాళ్ల గురించి మొదలుపెట్టాడు, చాలాసేపు చెప్పాడు. భయపడినది ఏమీ లేదు. కానీ చివర్లో, ఆ భాష నేర్చుకుని మళ్లీ ఎక్కువ కాలం ఉండటానికి వెళతానన్నాడు. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. ఏం చేయాలి?

గడప_దాటినవాడు
వెళ్లమనీ చెప్పకండి, వద్దనీ చెప్పకండి. భాష నేర్చుకోమనండి. అది ఇంట్లో ఉండే చేయవచ్చు. ఆ ఇంటి వాళ్లకు వాళ్ల భాషలో ఉత్తరాలు రాయమనండి, వాళ్లు రాసేవి మీకు, వాళ్ల నాన్నకు చదివి వినిపించమనండి. ఏడాది పాటు అది సాగితే, అప్పుడు తండ్రీ కొడుకులు కూర్చుని మాట్లాడుకోవచ్చు. అప్పటికి ఆ ఇంటివాళ్లు మీకూ తెలిసినవాళ్లే అవుతారు.